దుర్భిణి మీద ఎర్ర చుక్క

పెట్టె మూత తీయగానే ముందు వచ్చేది రబ్బరు వాసన. కళ్ళకు ఆనించుకునే నల్లటి తొడుగులు ఇన్నేళ్ళకు మెత్తబడి, వేలు తగిలితే కొంచెం అంటుకుంటున్నాయి. ఆ వాసన వెనకాలే, పెట్టె లోపలి మఖమల్ గుడ్డలోంచి సన్నగా ఊద్ ధూపం వాసన, అత్తరు పూసుకున్న పెద్దమనిషి ఎవరో ఇప్పుడే కుర్చీలోంచి లేచి వెళ్ళినట్టు. వానాకాలంలో ఈ దుర్భిణికి అప్పుడప్పుడు ఎండ చూపించాలి, లేకపోతే అద్దాలకు బూజు పడుతుంది. నిన్న జగిత్యాలలో మబ్బు కాస్త విడిచింది కదా అని సాయంత్రం దాన్ని డాబా మీదికి తీసుకెళ్ళి, పిట్టగోడ మీద తువ్వాలు పరిచి పెట్టాను. కుడి గొట్టానికి కంటి దగ్గర, కుడి కంటి చూపుకు తగ్గట్టు వేళ్ళతో తిప్పి సరిచేసుకునే సన్నటి రింగు ఒకటి ఉంటుంది. ఆ రింగు మీద గోళ్ళ రంగుతో పెట్టిన ఎర్ర చుక్క సగం రాలిపోయి, ఆవగింజంత మిగిలింది. పెట్టింది అమ్మ. ఎందుకు పెట్టిందో చెప్పాలంటే ఖోబర్ సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళాలి.

మా నాన్న రాజేశం జగిత్యాల పక్క పల్లె నుంచి సౌదీ వెళ్ళి, మొదట తాయిఫ్ కొండల్లో ఇళ్ళకు రంగులు వేసి, ఆ తర్వాత అల్ ఖోబర్‌లో వేట సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్‌గా కుదురుకున్నాడు. డేగల తలకు తొడిగే బొటనవేలంత తోలు టోపీలు, మేకవెంట్రుకల గుడారాలు, పక్షి ముక్కులాంటి కొమ్ము ఉన్న కాఫీ పాత్రలు, మడిచి జీపులో వేసుకునే పొయ్యిలు, అన్నిటికీ వెనకాల అద్దాల బీరువాలో వరసగా దుర్భిణులు ఉండేవి. అరబ్బులు వాటిని దర్బీల్ అనేవాళ్ళు. నాన్న తన జన్మలో చంపినవి దోమలు, బొద్దింకలు మాత్రమే. అలాంటి మనిషి, ఆఫ్రికా వెళ్ళి అడవిదున్నల్ని కొట్టాలనుకునే షేకులకు ఏ దుర్భిణి కొనాలో సలహా చెప్పేవాడు, వాళ్ళు వినేవాళ్ళు కూడా.

ఎందుకు వినేవాళ్ళంటే నాన్నకు ఒక పద్ధతి ఉండేది. వచ్చిన ప్రతివాడూ అన్నిటికంటే పెద్దదే ఇమ్మనేవాడు. పెద్దది బరువు, చేతిలో వణుకుతుంది, రెండు గంటలు మెడలో వేలాడితే మెడ పట్టేస్తుంది అని నాన్న ఓపిగ్గా చెప్పేవాడు. ట్యూబులైటు కింద అన్ని అద్దాలూ మంచివిగానే కనిపిస్తాయి; కానీ పెద్ద జంతువు పొదలోంచి బయటికి వచ్చేది వెలుతురు సన్నగిల్లే వేళకు, కాబట్టి ఆ వేళకే చూసి ఎంచుకోవాలి అనేది ఆయన వాదన. పొద్దుగూకగానే మగ్రిబ్ నమాజుకు దుకాణం షట్టరు కిందికి దిగగానే రెండు మూడు జతలు సంచీలో వేసుకుని, నాలుగడుగుల దూరంలో ఉన్న కార్నిష్‌కు, అంటే సముద్రపు ఒడ్డున కట్టిన బాటకు వచ్చేవాడు. కొనేవాళ్ళు మసీదులో నమాజు ముగించుకుని నేరుగా అక్కడికే వచ్చేవాళ్ళు. అప్పటికి ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉండేది.

అమ్మా నేనూ ముందే చేరేవాళ్ళం. అమ్మది నర్సాపురం. పెళ్ళికి ముందు ఖోబర్ ఆసుపత్రిలో నర్సు, నేను పుట్టాక మానేసింది. మా ఇంట్లో రెండు తెలుగులు, రెండు పండగలు: సంక్రాంతి వస్తే నాన్న తనే నూనె మూకుడు ముందు కూర్చుని సకినాలు కాల్చేవాడు, క్రిస్మస్ వస్తే అమ్మ గులాబి పూల అచ్చు పిండిలో ముంచి నూనెలో వదిలేది, రెండూ ఒకే పాల డబ్బాలో దాచేవాళ్ళం. ఆ డబ్బా, ఫ్లాస్కులో పాలు లేని పుదీనా టీ, చాప పట్టుకుని సముద్రం రెయిలింగు పక్కన కూర్చునేవాళ్ళం. వేసవిలో ఏసీ దుకాణంలోంచి తెచ్చిన దుర్భిణి బయటి ఉక్కకు ఒళ్ళంతా చెమట పట్టి, పావుగంట దాకా దేనికీ పనికొచ్చేది కాదు. దుమ్ముగాలి రోజుల్లో నాన్న దాన్ని తలపాగా గుడ్డలో చుట్టి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకునేవాడు. చలికాలంలో మాత్రం గాలి కడిగినట్టు ఉండేది, కాల్చిన మొక్కజొన్న, చేపలు, నాచు వాసనలన్నీ కలిసి వచ్చేవి, దూరంగా బహ్రెయిన్ వంతెన దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి. ప్రపంచంలో పిల్లలందరి సాయంత్రాలూ ఇలాగే ఉంటాయనుకునేదాన్ని.

అక్కడ నాకు ఒక ఉద్యోగం ఉండేది. కొత్త సరుకు రాగానే ప్రతి జతనూ ముందు నాన్న చూసేవాడు, ఆ తర్వాత నాకు ఇచ్చేవాడు. "చిన్న కండ్లు అబద్ధం జెప్పయి" అనేది ఆయన నమ్మకం. తన కళ్ళకు బాగున్నా, నేను బాగాలేదంటే ఆ పెట్టె మీద సుద్దముక్కతో అడ్డగీత గీసి పక్కన పెట్టేవాడు. ఎనిమిదేళ్ళ పిల్ల మాటకు ఇంత విలువ ఇస్తే ఆ పిల్ల ఊరుకుంటుందా, నేను న్యాయమూర్తిలా తీర్పులు ఇచ్చేదాన్ని. చవక రకాలు చేతికి రాగానే కుడి గొట్టం రింగు పట్టుకుని అది ఆగేదాకా తిప్పేసి, బాగుంది అనేదాన్ని. ఖరీదైన రకాలకు ఆ రింగు ఊరికే తిరగదు, పైకి లాగి తిప్పాలి. ఆ సంగతి నాకు తెలియదు. అందుకని వాటిని చూసి, కుడివైపు మబ్బుగా ఉంది నాన్నా అనేదాన్ని. ఆ ఏడు మంచి కంపెనీ సరుకు ఐదు పెట్టెలు నా తీర్పుకు బలై, సుద్దగీతలతో బీరువా అడుగుకు చేరాయి. పైగా ఆ కంపెనీ కుడి గొట్టాలు సరిగ్గా చేయడం లేదని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

అసలు నాకు రెండు కళ్ళ సంగతే వేరుగా అర్థమైంది. ఒక కన్ను చూడటానికి, రెండోది దానికి తోడుగా ఉండటానికి అనుకునేదాన్ని. అందరికీ అలాగే ఉంటుందనుకుని ఎవరినీ అడగలేదు.

ఆ చలికాలం అబూ సాద్ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ ముసలాయన, ఎర్రగళ్ళ తలగుడ్డ, తెల్లటి చిన్న గడ్డం, ఆయన కంటే ముందు వచ్చే ఊద్ వాసన. చిన్నప్పుడు ఒంటెల అడుగుజాడలు చూసి తప్పిపోయినవాటిని వెతికి తెచ్చేవాడట. ఎడారిలో పిట్టల్ని కొట్టి కొట్టి విసుగొచ్చింది, చచ్చేలోపు ఒక్క అడవిదున్నను కొట్టాలి, టాంజానియా వెళ్తున్నాను, దర్బీల్ చూపించు అన్నాడట. నాన్న మూడు జతలు తెచ్చాడు: నేను బాగున్నాయన్న చవక రకాలు రెండు, సుద్దగీత పడ్డ ఖరీదైనది ఒకటి. చివరిదాన్ని ఎందుకు కొనకూడదో చూపించడానికి తెచ్చాడు. ముందు నా చేత మరోసారి చూపించి, నా చేతుల్లోంచే ఆ ముసలాయనకు అందించాడు.

ఆయన మొదటిది చూసి మొహం చిట్లించాడు, రింగు వెనక్కి తిప్పుకున్నాడు. రెండోది చూసి మళ్ళీ అంతే. సుద్దగీత జత తీసుకుని చాలాసేపు సముద్రం వైపు చూసి, ఇంత మంచి అద్దం నా జన్మలో చూడలేదు అన్నాడు. వాళ్ళు మాట్లాడుకున్నది అరబ్బీలో. నాన్న తర్వాత ఎన్నిసార్లు చెప్పాడో, నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

"ఈ రెంటితో ఇంతకు ముందు చూసింది ఎవరు?"

"నా బిడ్డ" అన్నాడు నాన్న.

"రెంటికీ రింగు ఒక్క చోటే ఆగింది, ఆ చివర. కుంటి ఒంటె నడిస్తే ప్రతిసారీ ఒకటే కాలు తేలిగ్గా పడుతుంది. తప్పు అద్దంలో లేదు, రాజిష్" అన్నాడు. నాన్న పేరు ఆయన నోట అలాగే పలికేది.

ఆ ముసలాయన నాన్నను అడిగి, తన తలగుడ్డ కొస మడిచి నా ఎడమ కన్ను మూశాడు. వంతెన మీద దీపాలు ఎన్ని అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. "చూసే కన్ను మూసేస్తే ఎలా కనిపిస్తుంది నాన్నా, రెండోది మూయమను" అన్నాను. నాన్న ఆ మాటను అరబ్బీలోకి మార్చి చెప్పలేదు. సంచీ జిప్పు పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి, వదిలేసి, నా పక్కన చాప మీద కూర్చుండిపోయాడు. అబూ సాద్ సుద్దగీత పెట్టెనే కొన్నాడు. ఆ గీతను నాన్న అరచేత్తో తుడిచి ఇచ్చాడు.

ఆ రాత్రి అమ్మ నా కళ్ళలోకి టార్చి వేసి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఊళ్ళో అందరి పిల్లల్నీ చూశాను, నా పిల్లను చూసుకోలేదు అని చాలా రోజులు తనను తనే తిట్టుకుంది. ఆమె పాత ఆసుపత్రిలోనే మలయాళీ కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, కుడి కంటి పవరు చాలా ఎక్కువ, అందువల్ల మెదడు ఆ కన్నును వాడుకోవడం మానేసింది అంది. కళ్ళద్దాలు పెట్టి, మంచి కన్నుకు రోజూ కొన్ని గంటలు పట్టీ అంటించి, మొద్దు కన్ను చేత పని చేయించాలి; ఎనిమిదేళ్ళంటే ఆలస్యమే, చేయి దాటిపోలేదు; కానీ మధ్యలో ఆపితే వచ్చిన చూపు కూడా పోతుంది. రెండు చలికాలాలైనా పడుతుందని చెప్పింది.

నేను ఆ పట్టీని బతకనివ్వలేదు. ఒకటి బడిలో బెంచీ కింద అంటించాను, ఒకటి బొమ్మకు పెట్టాను, మిగిలినవి ఎక్కడెక్కడికి పోయాయో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. అది పెట్టుకుంటే నాకు లోకం ఉడికిన గంజిలా కనిపించేది, భయం వేసేది. అమ్మ బతిమాలింది, కొట్టింది. ఒక్క నాన్న దగ్గర, అదీ సముద్రం ఒడ్డున మాత్రమే ఉంచుకునేదాన్ని. ఎందుకంటే నాన్న దాన్ని వేట చేశాడు. నేను చూసిన చవక జతల్లో ఒకటి తనే కొనేసి, రింగు నా కంటికి సరిపోయే చోట అమ్మ చేత గోళ్ళ రంగు చుక్క పెట్టించాడు. దుకాణంలో ప్రతి రింగునూ రోజూ మధ్యలోని సున్నా గుర్తు దగ్గరికి తిప్పి పెట్టే అలవాటున్న మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం చూడకుండానే బొటనవేలితో చుక్క దగ్గరికి తెచ్చి చేతికి ఇచ్చేవాడు. కొత్త భవనాల మీది క్రేను జిరాఫీ. నీళ్ళ ట్యాంకరు అడవిదున్న. పసుపు జేసీబీ సింహం, గుంపుగా నల్ల అబాయాల్లో నడిచే ఆడవాళ్ళు ఏనుగుల మంద. అమ్మ కూడా నల్ల అబాయాలోనే ఉండేది కాబట్టి ఆ చివరిది ఆమెకు నచ్చలేదు. కుడి కన్నుతో ఎవరికి ఎక్కువ జంతువులు దొరికితే వాళ్ళకు చివరి సకినం.

సరిగ్గా అప్పుడే దుకాణానికి రంగు మారింది. నితాఖత్ అనే మాట అప్పట్లో మా బిల్డింగు మెట్ల మీద కూడా వినిపించేది. ప్రతి దుకాణంలో సౌదీవాళ్ళు ఎంతమంది పని చేస్తున్నారో చూసి రంగు ఇస్తారు: ఆకుపచ్చ అయితే బయటి దేశాలవాళ్ళు అక్కడ ఉండటానికి ఇచ్చే అకామాలు రెన్యువల్ అవుతాయి, పసుపు అయితే నాన్నలాంటి పాతవాళ్ళకు ఆగిపోతాయి. మా దుకాణంలో సౌదీ మనిషి ఒక్కడూ లేడు, పసుపు పడింది. నాన్న అకామా ముగియడానికి కొన్ని నెలలే ఉంది. అమ్మ మమ్మల్ని పంపేయమంది, హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రులు లేవా అంది.

"ఆసుపత్రులు ఉన్నయి. దీనికి పట్టి వెట్టి గంటసేపు కూసుండవెట్టేటోడు ఉండద్దా?" అన్నాడు నాన్న.

అబూ సాద్‌కు తుర్కీ అని ఇరవై ఏళ్ళ మనవడు ఉన్నాడు, ఇంట్లో ఫోను చూస్తూ పడుకునేవాడు. దుకాణానికి ఒక సౌదీ మనిషి కావాలని విని, ఆ ముసలాయన వాణ్ణి తీసుకొచ్చి కౌంటరు వెనక నిలబెట్టాడు. పని అంతా రాజేశం నేర్పిస్తాడు అన్నాడు యజమాని. కొన్నాళ్ళకు దుకాణానికి ఆకుపచ్చ వచ్చింది, నాన్న అకామా రెన్యువల్ అయింది. అమ్మకు మాత్రం నిద్ర పట్టలేదు.

"అంతా నేర్పించేశాక ఆ కుర్రోడే కూర్చుంటే, మీరేం చేస్తారండీ?"

"అప్పటికి దీని కన్ను వచ్చి ఉంటది. నాకు గంతే సాలు."

దాచుకోకుండానే నేర్పాడు. పెద్దది అంటగట్టొద్దు, సాయంత్రం చూపించు, ఒకరు చూశాక రింగు ఎక్కడ ఆగిందో చూడు. మొదటి నెలంతా తుర్కీ పదకొండింటికి కాఫీ కప్పుతో వచ్చి ఆవలించేవాడు. ఆ తర్వాత మెల్లగా కార్నిష్‌కు కూడా రావడం మొదలుపెట్టాడు, నా వేటలో అతనే అన్నిటికంటే పెద్ద జంతువు అయ్యాడు. పాదాల దాకా ఉండే తెల్లటి తోబ్‌లో రెయిలింగు వెంట వంద అడుగులు నడిచి, వెనక్కి తిరిగి చేయి ఎత్తి వేళ్ళు చూపించేవాడు. పట్టీ కట్టిన ఎడమ కన్నుతో, చుక్క దగ్గర రింగుతో, నేను లెక్క చెప్పాలి. మొదటిరోజు నాకు ఉప్పు సంచీ నిలబెట్టినట్టు తెల్లటి మరక ఒకటి కనిపించింది. కొన్ని నెలలకు ఆ సంచీకి చేయి మొలిచింది. వేసవి వచ్చి వెళ్ళింది, రంజాన్ సమోసాల వాసనలు వచ్చి వెళ్ళాయి, నాన్న చేసే సకినాలు మళ్ళీ డబ్బాలోకి వచ్చాయి. నా అంకెలు సగం రోజులు ఊహలే, నాన్నకు తెలిసినా ఏమీ అనేవాడు కాదు.

రెండో చలికాలంలో ఒక సాయంత్రం "మూడు వేళ్ళు" అన్నాను. "చిటికెన వేలికి ఉంగరం కూడా ఉంది."

తుర్కీకి ఉంగరం లేదని నాన్నకు తెలుసు. దుర్భిణి నా చేతుల్లోంచి లాక్కుని తను చూశాడు. తుర్కీకి ముందు రోజే పెళ్ళి కుదిరింది, వెండి ఉంగరం పెట్టారు, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్న రెయిలింగు పట్టుకుని నిలబడి ఏడ్చాడు. నాన్న ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నా ఎడమ కంటికి పట్టీ ఉంది కాబట్టి, చూసింది కూడా కుడి కన్నుతోనే.

అబూ సాద్ టాంజానియాలో పదకొండు రోజులు తిరిగి, ఒక్క దున్ననూ కొట్టకుండా, చీలమండ బెణికించుకుని వచ్చాడు. దర్బీల్‌లో బ్రహ్మాండంగా కనిపించాయట, తుపాకీ ఎత్తేసరికి పోయేవట. నా జాబితాలో అప్పటికి నలభైకి పైగా దున్నలున్నాయని నాన్న చెబితే, గడ్డం నిమురుకుంటూ అందరికంటే ఎక్కువ తనే నవ్వాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, వెంట ఉన్న భార్యాపిల్లలకు తలకింత అని కట్టాలనే లెవీ వచ్చింది. మా బిల్డింగులో కుటుంబాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి, మెట్ల కింద ఎవరూ కొనని సోఫాలు, పిల్లల సైకిళ్ళు పేరుకున్నాయి, బడిలో రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేశారు. అమ్మా నేనూ వీసా రద్దు చేసుకుని, ఫైనల్ ఎగ్జిట్ మీద వచ్చేశాం. వచ్చే ముందు అబూ సాద్ ఈ పెట్టెను తెప్పించుకుని, లోపలి గుడ్డను ధూపం మీద తనే పట్టి ఇచ్చాడు, దూరం వెళ్ళే బిడ్డకు మంచి వాసన తోడుండాలని. నాన్న ఇంకొన్నాళ్ళు ఉన్నాడు. చివరికి అలాంటి దుకాణాల్లో కౌంటరు పని సౌదీవాళ్ళకే అన్నారు, తుర్కీ కూర్చున్నాడు, నాన్న వచ్చాడు. నేను అప్పుడే చెప్పాను కదండీ అని అమ్మ అంది. "బిడ్డ కన్ను వచ్చింది గదా" అని నాన్న స్నానానికి వెళ్ళాడు.

ఇప్పుడు నాన్న జగిత్యాల బస్టాండు దగ్గర గొడుగులు, టార్చిలైట్లు అమ్ముతాడు. ఆ దుకాణం స్థానంలో కాఫీ షాపు వచ్చిందని తుర్కీ వాట్సాప్‌లో ఫొటో పంపాడు. మేం ఆనుకున్న రెయిలింగు తీసి కొత్తది వేశారట, అబూ సాద్ పోయి రెండేళ్ళయింది. ఆ సాయంత్రాలు మళ్ళీ రావు. అందుకు నాకు పెద్ద దిగులు లేదు, అవి ఉన్నన్నాళ్ళూ బాగా ఉన్నాయి, పైగా వాటిని నేను రెండు కళ్ళతోనూ చూశాను.

నిన్న డాబా మీద, కళ్ళద్దాలు తీసి, అలవాటుగా దుర్భిణి ఎత్తాను. కుడివైపు మబ్బుగా ఉంది. రింగు చూస్తే చుక్క ఎక్కడో ఉంది. ఎవరో దాన్ని సున్నా కూడా దాటించి, ఇటు చివరికి, ఆగేదాకా తిప్పారు. అమ్మ దాన్ని ముట్టుకోదు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో నాన్న పల్లికాయలు ఒలుస్తున్నాడు.

"దీంతో ఇంతకు ముందు చూసింది ఎవరు నాన్నా?"

"ఎవలు జూస్తరు, నేనే. పొద్దుగాల గుట్ట మీద నెమలి అరుస్తుంటె జూసిన. నెల రోజుల సంది ఆ కుడి అద్దం జర మబ్బు వట్టింది బిడ్డా. ఎండకు వెట్టినవు గదా, సాఫైతది."

నేను రింగును ఎర్ర చుక్క దగ్గరికి తెచ్చి, ఎడమ కన్ను మూసుకుని చూశాను. ఎదురింటి నీళ్ళ ట్యాంకు మీది అక్షరాలు, వాటి మీద వాలిన పిట్టలు, ఒక పిట్ట ముక్కున ఉన్న గడ్డిపోచతో సహా కనిపించాయి. అద్దం బాగానే ఉంది. కుర్చీ వెనక్కి వెళ్ళి, చున్నీ కొస మడిచి నాన్న ఎడమ కన్ను మూసి, ట్యాంకు మీద పిట్టలెన్ని అని అడిగాను. ఆయన ఒలిచిన పల్లీలు గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు అటే చూశాడు.

"సూసే కన్ను మూస్తివి, ఎట్ల గనవడ్తది బిడ్డా" అన్నాడు.

అని, తన మాట తనకే వినిపించినట్టు ఆగి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన కుడి కంటి పాపలో మజ్జిగ చుక్కలాంటి తెలుపు సాయంత్రపు వెలుతురులో అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది. శుక్లమే అయి ఉంటుంది, రేపు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అమ్మ ఈలోగా గోళ్ళ రంగు సీసా తెచ్చి, ఆపరేషన్ అయ్యేదాకా ఆయనకూ ఒకటి ఉండనీ అని, రింగుకు ఇటు చివర రెండో చుక్క పెట్టింది.